సాయవ్వ కదిలిన ప్లేటు

కామారెడ్డి స్టేషను రోడ్డులో కొత్తగా ఫొటో స్టూడియో తెరిచిన ఒక యువకుడు మొన్న నన్ను చూడవచ్చాడు. ఈ పనిలో పాతవాళ్లు ఊళ్లో ఇక నేనొక్కదాన్నే మిగిలానని ఎవరో చెప్పారట. మర్యాదగానే కూర్చున్నాడు, చాయ్ తాగాడు. ఆ తర్వాత, హైదరాబాదు నుంచి ఒక మోడల్ అమ్మాయిని పిలిపించి చీరల కొట్టు కోసం ఫొటోలు తీశానని, ఆమె అడిగిన కూలి విని కళ్లు తిరిగాయని చెప్పాడు. "ఊరికే నిలబడ్డందుకు గంత ఇయ్యాల్నా అవ్వా?" అన్నాడు. ఆ మాట చాయ్‌కి ముందు అని ఉంటే నేను చాయ్ ఇచ్చేదాన్ని కాదు.

ఊరికే నిలబడటం అన్న మాట నేను ఈ పనిలో చేరిన ఏడాది నుంచి వింటున్నాను. అన్నవాళ్లంతా కెమెరా వెనక నిలబడేవాళ్లే. ముందు నిలబడ్డవాళ్లలో ఒక్కరు కూడా ఆ మాట అనగా నేను వినలేదు. ఆ యువకుడికి అప్పుడు జవాబు చెప్పకుండా పంపించాను. కోపంలో చెబితే సగం మరిచిపోతాను. నాకు సగం చెప్పే అలవాటు లేదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

నేను ఎప్పుడు ఎక్కడ పనిచేశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో రాయను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు అవి పనికిరావు. సాయవ్వ అనే మనిషి గురించి రాస్తాను. నాకు ఫొటో తీయడం నేర్పింది ఇద్దరు. ఒకరు మా మాస్టరు. రెండోది సాయవ్వ. కెమెరాను ఆమె ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

టచింగ్ బల్ల

మా నాయన కామారెడ్డిలో దుకాణాలకు సైన్‌బోర్డులు రాసేవాడు. ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు. శంకరయ్య మాస్టరు స్టూడియోలో వెనక వేలాడే పరదా కూడా ఆయన రంగులు వేసిందే. ఒక మేడ, పాలరాతి మెట్లు, ఒక పూలకుండీ. అలాంటి మేడ మా తాలూకాలో ఎక్కడా లేదు. 1933లో నాయన పోయాడు. నాకప్పుడు పదహారేళ్లు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి పుట్టింట్లో ఉన్నాను. నా చేతికి కుంచె అలవాటే కాబట్టి టచింగ్ పనికి పంపమని మాస్టరు మా అమ్మను అడిగాడు.

టచింగ్ అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. అప్పుడు ఫొటో గాజు ప్లేటు మీద పడేది. ప్లేటు కడిగి ఆరబెట్టాక, దాన్ని వెలుగుకు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహం మీద మచ్చలు, మడతలు నింపాలి. అమ్మవారు పోసి పోయిన మొహాలను నేను ఎన్ని నునుపు చేశానో. చేసిన ప్రతిసారి మాస్టరు "శభాష్ రుక్కమ్మా" అనేవాడు. ఫొటో తీసుకున్నవాళ్లు అది తామే అని నమ్మి సంతోషంగా పోయేవాళ్లు.

మాస్టరుకు వెలుగు తెలుసు. అది ఒప్పుకోకపోతే అబద్ధం అవుతుంది. పొద్దున పదింటికి ఉత్తరం కిటికీలోంచి వచ్చే వెలుగు మొహం మీద ఎక్కడ ఆగాలో చేత్తో గీసి చూపించేవాడు. నేను ఈ రోజు వరకు అదే గీత పాటిస్తాను. చేతి పని తెలిసినవాడు మనిషిగా కూడా మంచివాడై ఉంటాడని మాత్రం ఎవరూ అనుకోవద్దు. రెండింటికీ సంబంధం లేదు. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ముత్యాల మనిషి

చేరిన కొత్తలో ఒక పొద్దున స్టూడియోలోకి వెళితే, పరదా ముందు స్టూలు మీద పట్టుచీర, మెడ నిండా ముత్యాలతో ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఏదో గడి నుంచి, దొరల కోట నుంచి, వచ్చిన దొరసాని అనుకుని గోడకు ఒదిగి నిలబడ్డాను. ఆమె తల తిప్పకుండా, కళ్లు కూడా తిప్పకుండా అంది: "కూసో పిల్లా. ముత్యాలు గాజువి, నేను ఎల్లారెడ్డిదాన్ని."

అదే సాయవ్వ. ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె ఆమెది. భర్త చనిపోయాక నిజాంసాగర్ కట్ట పనిలో తట్టలు మోసింది. కట్ట లేచే రోజుల్లో దాన్ని ఫొటోలు తీయడానికి పట్నం నుంచి ఫొటోగ్రాఫర్లు వచ్చేవాళ్లు. రాతి గోడ ఒక్కటే తీస్తే అది ఎంత ఎత్తో ఫొటోలో తెలియదు. పక్కన ఒక మనిషిని నిలబెట్టాలి. ఎవరిని నిలబెట్టినా చెమట తుడుచుకునేవాళ్లు, మేస్త్రీ పిలిస్తే తిరిగి చూసేవాళ్లు. ప్లేటులో వాళ్ల బదులు ఒక పొగ మరక పడేది. సాయవ్వను నిలబెడితే, గోడలో ఒక రాయి ఎలా ఉందో ఆమె అలా ఉంది.

మరునాడు మళ్లీ పిలిచారు. ఆమె వెళ్లి అడిగింది: "గిక్కడ నిలబడ్డంత సేపు తట్టలు మోస్తే నాకు కూలి వస్తుండె. గా కూలి ఎవలిస్తరు?" ఫొటోగ్రాఫరు నవ్వాడట. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఆయన కూలి ఒప్పుకున్నాడు. అలా ఆమెకు ఈ పని మొదలైంది. కట్ట పూర్తయ్యాక కామారెడ్డికి వచ్చింది. మా మాస్టరుకు, రైలు దిగి వచ్చే పట్నం ఫొటోగ్రాఫర్లకు కూర్చునేది. తలనూనె సీసా చీటీ మీద, చీరల కొట్టు గోడ మీద, అమ్మకానికి పెట్టే పోస్టు కార్డుల మీద ఆమె ఉండేది. ఒక దాంట్లో రైతు భార్య, ఒక దాంట్లో రాణి. ఎక్కడా సాయవ్వ అని ఉండేది కాదు.

నిలబడటం

ఆమె పని ఏమిటో ఇప్పుడు చెబుతాను. చదువుతున్నవాళ్లు కావాలంటే చేసి చూసుకోవచ్చు.

అప్పటి ప్లేట్లకు ఇంటి వెలుగులో నాలుగైదు సెకన్లు కావాలి. మబ్బు పడితే ఇంకా ఎక్కువ. లెన్సు మూత తీసినప్పటి నుంచి పెట్టేదాకా మనిషి కదలకూడదు. మామూలు వాళ్ల మెడ వెనక ఇనుప కొయ్య ఒకటి ఆనించేవాళ్లం. సాయవ్వ దాన్ని పెట్టనిచ్చేది కాదు. అది పెడితే మెడ బిగుసుకుని మొహం శవంలా పడుతుందని చెప్పేది. లెన్సు వంక చూడకుండా దాని పక్కన గోడకు ఏదైనా మేకు చూసుకునేది. ఊపిరి సగం వదిలి సగం ఉంచుకునేది. నాలుక పళ్లకు ఆనకుండా పెట్టుకుంటే దవడ వదులుగా ఉంటుందని నాకు చూపించింది. నవ్వమంటే పెదవులతో నవ్వేది కాదు. నవ్వు వచ్చే ఒక్క క్షణం ముందు ఆగిపోయేది. అక్కడ ఆగడం ఎంత కష్టమో అద్దం ముందు ప్రయత్నించండి.

ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఫొటోగ్రాఫరు ఆమెను మా స్టూడియో వాకిట్లో, చైత్రం ఎండలో, చంకలో ఇత్తడి బిందెతో నిలబెట్టి, "సహజంగా ఉండు" అంటూ పొద్దంతా తీశాడు. బిందె నిండా నీళ్లు. ఖాళీ బిందె అయితే నడుము వంపు నిజంగా రాదని ఆమే నింపుకుంది. సాయంత్రం ఆయన లెక్క తేల్చేటప్పుడు, ఊరికే నిలబడ్డదానికి ఇదే ఎక్కువ అన్నాడు. సాయవ్వ బిందె దించి అంది: "నిలబడుడు నాకెరుకనే సారూ. నిలబెట్టుడు నీకెరుకయినప్పుడు మల్ల రా." నేను టచింగ్ బల్ల దగ్గర తల వంచుకుని నవ్వాను. మాస్టరు నన్ను గుర్రుగా చూశాడు.

తల లేని బేగం

ఆ రోజుల్లో పెద్ద ఇళ్ల ఆడవాళ్లు, ముస్లింలు గానీ దొరల ఇళ్లవాళ్లు గానీ, పరాయి మగవాడి ముందుకు రారు. కానీ వాళ్లకూ ఫొటో కావాలి. మాస్టరు దానికొక పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతి మంచిదే. ఆడవాళ్లుండే జనానా గదిలో కుర్చీ వేసి, ఆ ఇంటామె పైట ఒకటి కప్పి సాయవ్వను కూర్చోబెట్టేవాడు. తల మీద నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక గాజు పలకలో చూస్తూ ఫోకస్ కుదిర్చేవాడు. అప్పటికి కెమెరాలో ప్లేటు ఉండదు. ఫోకస్ కుదిరాక ఆయన బయటికి వెళ్లిపోయేవాడు. అప్పుడు ఇంటామె వచ్చి సరిగ్గా సాయవ్వ కూర్చున్న చోటే కూర్చునేది. నేను ప్లేటు పెట్టె కెమెరాకు తగిలించి, దాని ముందున్న పల్చటి పలక లాగి, లెన్సు మూత తీసి, లెక్కపెట్టి, మూత పెట్టేదాన్ని. మగవాడు ఆమెను చూడడు, ఫొటో మాత్రం వస్తుంది.

మొదటిసారి ఒక తహసీల్దారు గారి ఇంట్లో ఈ పని చేశాం. ప్లేటు కడిగితే చీర ఉంది, చేతులు ఉన్నాయి, మెడలో హారం ఉంది, పైన తల లేదు. బేగం సాహెబా సాయవ్వ కంటే జానెడు పొడుగు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. మాస్టరు భయపడుతూనే ఫొటో చూపిస్తే తహసీల్దారు గారు అటూ ఇటూ తిప్పి చూసి, "మా బేగం ఫొటోలో కూడా పరదా తప్పలేదు" అని నవ్వాడు. మళ్లీ తీయించుకున్నాడు కూడా. అలాంటి అధికారులు తక్కువ.

ఆ తర్వాత నుంచి సాయవ్వ ముందుగా లోపలికి వెళ్లి, ఇంటామె పక్కన భుజానికి భుజం ఆనించి కూర్చుని వచ్చేది. ఆ ఎత్తు తన ఒంట్లో గుర్తుపెట్టుకుని, కుర్చీలో అంతే లేచి, లేదా అంతే దిగి కూర్చునేది. నడుము గాలిలో ఉంచి అలా ఉండటం కుర్చీలో కూర్చోవడం కాదు. మళ్లీ ఎప్పుడూ ఎవరి తలా పోలేదు.

గడి నుంచి కబురు

1938 వానలు వెనకపట్టాక ఎల్లారెడ్డి వైపు ఒక గడి నుంచి గుమాస్తా వచ్చాడు. దొర బిడ్డకు దూరపు సంబంధం వచ్చింది. వాళ్లు ఫొటో అడిగారు. అమ్మాయికి చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కంట్లో పువ్వు పడింది. మొహం మీద మచ్చలైతే నేను పెన్సిలుతో నింపగలను. తెల్లబడ్డ కన్ను నింపితే బొమ్మకు పెట్టిన కన్నులా ఉంటుంది. గుమాస్తా చెప్పింది ఏమిటంటే, అమ్మాయి చీర, నగలు పెట్టి సాయవ్వను తీసి పంపితే చాలు. పెళ్లి ఘోషాలోనే, పరదా చాటునే జరుగుతుంది, తాళి పడ్డాక ఎవరేం చేస్తారు అని.

మాస్టరు సాయవ్వను పిలిచి నచ్చజెప్పాడు. "నూనె సీసాకు కూసున్నవు, చీరల కొట్టుకు కూసున్నవు. ఇదీ గంతే గదా సాయవ్వా."

ఆమె గాజు ముత్యాల దండ విప్పి డబ్బాలో పెట్టింది. "నూనె సీసా మీద నన్ను జూసినోడు నూనె కొనుక్కపోతడు, మాస్టరూ. గీడ నన్ను జూసి ఆ పొల్లను తోల్కపోతరు. అక్కడ దిగినంక మొఖం జూసి ఎల్లగొడితే ఆమె ఏడికి పోతది? నేను కూసోను."

గుమాస్తా ఏదో అనబోయాడు. మాస్టరు ఆపి, సరే, అమ్మాయినే తీద్దాం, నువ్వు ఎప్పటిలా ఫోకస్‌కు రా చాలు అన్నాడు. సాయవ్వ ఒప్పుకుంది. నేను కూడా నమ్మాను. ఆయన మాట తప్పడం అప్పటిదాకా చూడలేదు.

గడిలో సాయవ్వ అమ్మాయి పక్కన భుజం ఆనించి కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను. పదిహేడేళ్ల పిల్ల. చేతులు చల్లగా ఉన్నాయని మాటిమాటికీ ఒళ్లో రుద్దుకుంటోంది. ఒక పక్కకు తిరిగి కూర్చుంటే కన్ను నీడలోకి పోతుందని, అందులో మోసం లేదని, ఎవరైనా తమకు నచ్చిన వైపే చూపించుకుంటారని సాయవ్వ చెప్పింది. మేకు చూడటం, ఊపిరి సగం ఉంచుకోవడం నేర్పింది. ఆ పిల్ల వెంటనే పట్టుకుంది.

"రెప్ప కొట్టొచ్చునా?" అని అడిగింది.

"గబుక్కున కొట్టు బిడ్డా. దానికి తెల్వది. మెల్లగ కదిలితేనే పట్టుకుంటది."

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. సాయవ్వ కూడా నవ్వింది. ఆ గడిలో ఆ రోజు నేను చూసిన మంచి అదొక్కటే.

చప్పుడు

మామూలుగా ఫోకస్‌కు పైట ఒక్కటే కప్పుతాం. ఆ రోజు మాస్టరు చీర, నగలు అన్నీ వేయించాడు. బంగారం మెరుపు ప్లేటును చెడగొడుతుంది, ముందే చూసుకోవాలి అన్నాడు. అది నిజమే కాబట్టి నాకు అనుమానం రాలేదు. నేను పక్కన తెల్ల దుప్పటి పట్టుకుని, కిటికీ వెలుగు సాయవ్వ చెంప మీదికి తిప్పుతున్నాను. మాస్టరు నల్లగుడ్డలోంచి తల బయటికి తీశాడు. ఇక బయటికి వెళతాడు అనుకున్నాను. వెళ్లలేదు. ప్లేటు పెట్టె తగిలించాడు. పలక లాగాడు.

ఆ పలక లాగితే చాటలో బియ్యం జారినట్టు చిన్న చప్పుడు వస్తుంది. ప్లేటు లోపల ఉందని ఆ చప్పుడు చెబుతుంది. సాయవ్వ ఆ చప్పుడు వందల సార్లు విని ఉంటుంది. నేను మాస్టరు మొహం వంక చూసేలోపే ఆయన మూత తీశాడు. చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టి మూత పెట్టాడు. సాయవ్వ ఎప్పటిలాగే ఉంది. ఆయన నవ్వుకుంటూ పెట్టె నా చేతికిచ్చి, కడిగి తెమ్మన్నాడు.

గడిలో వడ్లు పోసే చీకటి గది మాకు ఇచ్చారు. ఎర్ర దీపం పెట్టి ప్లేటు మందులో ముంచాను. ఆమెను దొంగిలించిన ప్లేటు అది. నా చేతిలో ఉంది. పగలగొడదామా అనుకుంటున్నాను. ఈలోపు బొమ్మ తేలింది. కుర్చీ సూటిగా ఉంది. చీర అంచు మీద బుటాలు కూడా లెక్కపెట్టవచ్చు. చేతులు, గాజులు, హారం అన్నీ ఉన్నాయి. మెడ పైన మొహం లేదు. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా పొగ పట్టినట్టు ఒక నల్లటి మరక.

ఆ నాలుగైదు సెకన్లలో ఆమె తలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా తిప్పింది. గడియారం చూస్తున్న మనిషికి, ఆయననే చూస్తున్న నాకు కనబడలేదు. కెమెరాకు కనబడింది.

మాస్టరు ప్లేటును వెలుగుకు ఎత్తి చూసి, దాన్ని పట్టుకునే జనానా గదిలోకి వచ్చాడు. వెనక దొర, గుమాస్తా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. సాయవ్వ అప్పటికే నగలు తీసి పళ్లెంలో పెట్టింది.

"కదిలినవా?" అన్నాడు మాస్టరు.

"కదిలిన."

"ఇన్నేండ్లల ఒక్కనాడు కదలలే. ఇయ్యాల ఎందుకు కదిలినవు?"

"ఫోకస్‌కు కూసోమన్నవు, కూసున్న. ఫొటోకు కూసోమనలే."

ఇంకో ప్లేటు పెడతానని ఆయన అరిచాడు. ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "పెట్టు. ఎన్ని పెడితే అన్ని ఖరాబైతయి."

దొర ముందు అలా మాట్లాడతావా అని గుమాస్తా ముందుకు వచ్చాడు. ఆ కాలంలో గడిలో ఒక కూలి మనిషి వద్దు అంటే ఏం జరిగేదో ఈ జిల్లా పెద్దవాళ్లను అడగండి. అప్పుడు లోపలి తలుపు పరదా వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. గట్టిగా లేదు. "బాపూ, ఆమెను పోనియ్యి. ఆమె వద్దన్నది నాకోసమే."

దొర గుమాస్తాను చేత్తో ఆపాడు. ఈ మాట గడి దాటితే బాగుండదు అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

"ఆమె కదులుతది"

మాస్టరు కెమెరా బండిలో పెట్టుకుని తానొక్కడే వెళ్లాడు. మేమిద్దరం నడిచి లింగంపేటకు వచ్చి, అక్కడ ఒక వడ్ల బండి ఎక్కాం. నా సంచిలో ఆ ప్లేటు ఉంది. పారేయమని మాస్టరు నా చేతుల్లోకి నెడితే తడిగానే గుడ్డలో చుట్టుకున్నాను. దారిలో నేను ఏడుస్తుంటే సాయవ్వ విసుక్కుంది. "నీకేమాయె? కదిలింది నేను."

దొర ఆమెను ఏమీ చేయలేదు. చేసింది మాస్టరు. నిజామాబాదు నుంచి సికింద్రాబాదు దాకా రైలు లైను మీద ఉన్న ప్రతి స్టూడియోకు ఒకటే కబురు పంపాడు. సాయవ్వను పిలవకండి, ఆమె కదులుతది. అంతే. గడి పేరు లేదు, ప్లేటు సంగతి లేదు. మా పనిలో ఒక మనిషి మీద వేయగలిగిన చెడ్డ పేరు ఇంతకంటే లేదు. దొంగ అన్నా ఎవరో ఒకరు పిలుస్తారు. కదిలేదాన్ని ఎవరూ పిలవరు. గోడలో రాయిలా నిలబడగల మనిషికి ఆ పేరు పెట్టి, ఆమె నోటి దగ్గర కూడు తీశాడు. మోసం చేసింది ఎవరు, పని పోగొట్టుకుంది ఎవరు. ఆమె బీర్కూర్ వైపు కాలువ కింది పొలాల్లో నాట్లకు పోయింది. నూనె సీసా మీద మాత్రం ఇంకా నవ్వబోతూనే ఉంది. ఆ సీసా అమ్ముడుపోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

కొందరు నాతో అన్నారు, ఆమె కొంచెం సర్దుకుపోతే పోయేది కదా అని. ఏమి సర్దుకోవాలి? మొహం ఆమెది. దాన్ని ఏ పేరు కింద పెట్టాలో చెప్పే హక్కు ఫోకస్ కుదిర్చినవాడికి ఎక్కడి నుంచి వచ్చింది? పెన్సిలుతో మచ్చలు నింపి నింపి, మనిషినే మార్చేయవచ్చు అనుకునే స్థితికి వస్తాం మనం. ఈ వృత్తిలో అసలు జబ్బు అదే. మాస్టరుకు అది పూర్తిగా ముదిరింది.

నేను ఆ ఏడు చివరే ఆయన దగ్గర మానేశాను. నాయన కుంచెలతో బోర్డులు రాసి, పాత కెమెరా ఒకటి కొనుక్కుని, ఘోషా ఇళ్లకు నేనే వెళ్లడం మొదలుపెట్టాను. నేను ఆడదాన్ని, ఫోకస్ కూడా నేనే చూసుకోవచ్చు. ముందు ఎవరినీ కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. అవసరం లేదని తెలిసి కూడా, ఆ ఖాళీ కుర్చీ చూసిన ప్రతిసారి సాయవ్వ ఎత్తు గుర్తొచ్చేది.

ఒక్క ప్లేటు

యుద్ధం వచ్చి ప్లేట్లు దొరకని రోజుల్లో, 1942 మొదట్లో, ఆ గడి నుంచే మళ్లీ కబురు వచ్చింది. ఈసారి పంపింది గుమాస్తా కాదు, ఆ అమ్మాయి. పాత సంబంధం అప్పుడే చెడిపోయింది. కొత్తది వచ్చింది, వాళ్లు ఫొటో అడిగారు, ఉన్నది ఉన్నట్టు తీసి పంపాలి అని కబురు. ఇంకో మాట కూడా ఉంది. అప్పుడు కదిలినామెను తోల్కరావాలె.

నేను బీర్కూర్ వెళ్లి సాయవ్వను వెతికి పట్టుకున్నాను. మోకాళ్ల దాకా బురద. చేతులు పగిలి ఉన్నాయి. విషయం చెబితే, నాటు ఇంకా రెండు రోజులు ఉంది, అయ్యాక వస్తానంది. వచ్చింది.

అమ్మాయి ఆ రోజు నేర్చుకున్నది ఏదీ మరిచిపోలేదు. నేను కన్ను నీడలోకి తిప్పబోతే వద్దని, సూటిగా కూర్చుంది. నేను "తీస్తున్న" అని చెప్పి పలక లాగాను. మేకు వంక చూసింది. ఊపిరి సగం వదిలింది. నేను ఫొటోలు తీసినన్నేళ్లలో అంత బాగా కూర్చున్నవాళ్లు తక్కువ. ఆ సంబంధం కుదిరిందో లేదో ఇక్కడ రాయను. ఫొటోకు ఆ లెక్కతో పని లేదు.

పెట్టెలో ఇంకొక్క ప్లేటు మిగిలింది. మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. అమ్మాయి లేచి కుర్చీ చూపించి, ఆమెను తియ్యి అంది. తన పట్టుచీర తెమ్మని పనిమనిషికి చెప్పబోయింది కూడా. సాయవ్వ వద్దంది. బీర్కూర్ నుంచి కట్టుకొచ్చిన చీరలోనే కూర్చుంది.

కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. తీసింది. మోకాళ్ల మీద పెట్టుకుంది. మళ్లీ తీసింది. రాణి చేతులు ఎక్కడుంటాయో, రైతు భార్య చేతులు ఎక్కడుంటాయో ఆమెకు తెలుసు. నా వంక తిరిగి అడిగింది: "ఎవల లెక్క కూసోవాలె రుక్కమ్మా?"

"నీ లెక్కనే."

చివరికి ఆమె రెండు చేతులూ కుర్చీ అంచులు పట్టుకున్నాయి, పొలం గట్టు మీద కూర్చున్నప్పటిలా. నేను ఫోకస్ చూశాను. ప్లేటు తగిలించాను. పలక మీద చేయి పెట్టి, లాగకముందే చెప్పాను, "తీస్తున్న సాయవ్వా."

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే పని పాఠం ఇదొక్కటే. పలక లాగకముందు చెప్పండి. మీ కెమెరాల్లో ఇప్పుడు పలక లేదని నాకు తెలుసు. అయినా చెప్పండి.

"తియ్యి," అంది సాయవ్వ. "ఇప్పుడు కదలమన్నా కదల."

ఆ రెండు ప్లేట్లు నా దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. మొన్న వచ్చిన యువకుడు మళ్లీ వస్తే ముందు మరక ఉన్నది చూపిస్తాను. తర్వాత రెండోది కిటికీకి ఎత్తి పట్టుకుంటాను. అందులో పగిలిన వేళ్లు, గోళ్లలో మిగిలిన బురద, ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ, అన్నీ సూదితో గీసినట్టు ఉన్నాయి. దాని మీద నేను పెన్సిలు పెట్టలేదు.